క్రిస్మస్ ముందు ఆమె అడిగే మాట

మంగళవారం పొద్దున చర్చి గంట మోగితే అది ఆరాధన గంట కాదు. ఎవరైనా పోతే అట్లా ఒకటి కొట్టి, ఆగి, మళ్ళీ ఒకటి కొడతారు. అప్పుడు నేను బియ్యం చెరుగుతున్నాను. మొదటి దెబ్బకే చేతులు ఆగిపోయాయి. దవాఖానలో ఉన్నది బైబిలమ్మ ఒక్కతేనని తెలుసు. అయినా నా మనసు ఊరుకోదు కదా. కొడుకు మిల్లుకు పోయాడు, కోడలు నల్లా దగ్గరికి పోయింది, ఎవరికేమైందోనని చేటతోనే వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. పాలు పోసే ఆమె ఎదురొచ్చి చెప్పింది.

"బైబిలమ్మ పోయిందట అవ్వా. తెల్లారంగనే."

క్రిస్మస్ ఇంకా మూడు వారాలుంది.

చదివే మీలో చాలామందికి ఆమె తెలియదు. బైబిలమ్మ అంటే చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే ఆమె. వరంగల్లులో మా వాడకు ముప్పై ఏళ్ళు తిరిగింది. నర్సంపేట బస్సెక్కి ఊళ్ళకు కూడా పోయేది, మోకాళ్ళ దాకా దుమ్ముతో తిరిగొచ్చేది. నేను నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. ఆమె గురించి రాయమని పాస్టరమ్మ అడిగితే వద్దు వద్దంటూనే కూర్చున్నాను. తప్పు రాస్తానేమోనని ఒక భయం, రాయకపోతే ఆమెను అందరూ మరిచిపోతారేమోనని ఇంకో భయం. రెండో భయమే పెద్దది.

ఆమె మా ఇంట్లో ఏనాడూ ఒట్టి చేతులతో కూర్చోలేదు. నేను చింతపండు గింజలు తీస్తుంటే తనూ తీసేది. బియ్యంలో రాళ్ళేరుతుంటే చేట సగం తన ఒళ్ళోకి లాక్కునేది. నేను పని ఆపి కొంగు నెత్తిన వేసుకుంటే ఒప్పుకునేది కాదు.

"వాక్యం చెవులతోని ఇంటం బిడ్డా. చేతులనెందుకు ఆపుడు?" అనేది.

ప్రార్థన కూడా చిన్నదే. పొయ్యి మీద పాలు పొంగకముందే ఆమెన్ అనేసేది. పోయేటప్పుడు గొడుగు మరిచిపోయేది. మరుసటి రోజు దానికోసం మళ్ళీ వచ్చేది. నిజంగా మరిచేదో, మళ్ళీ రావడానికే వదిలిపోయేదో, మా వాడలో ఎవరికీ ఇప్పటికీ తెలియదు.

డిసెంబరు వచ్చిందంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. సున్నం వేయించాలి. దర్జీ లంగా జాకెట్లు చేతిలో పెట్టేదాకా నమ్మకం లేదు. వెదురుబద్దలు కట్టి, రంగు కాగితాలంటించి నక్షత్రం చేయాలి. అది పక్కింటివాళ్ళ నక్షత్రం కంటే చిన్నగా ఉంటే పిల్లలు మొహం ముడుచుకుంటారు. అరిసెల పాకం ముదురుతుందేమో, మటన్ అందుతుందో లేదో. ఇన్ని ఫికర్ల నడుమ బైబిలమ్మ వచ్చి గడపలో కూర్చునేది. కొత్త సున్నం గోడ చూసి, "తెల్లగ చేసినవ్, మంచిగున్నది" అనేది. ఆ తర్వాత ఒకే ఒక మాట అడిగేది.

"ఎవరితోని మాట్లాడ్తలేవ్ బిడ్డా?"

ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. బట్టలు కొన్నారా, పిండివంటలేం చేశారు అని ఆమె ఎవరినీ అడగలేదు. మా వాడలో ఆడవాళ్ళు ఆమె గొడుగు మలుపులో కనబడగానే ఎవరితో తగువుందో గుర్తు చేసుకునేవారు. కొందరైతే ఆమె రాకముందే పోయి మాట కలుపుకుని వచ్చేవారు.

నాకు ఆ మాట కత్తిలా గుచ్చుకునేది. నేను మాట్లాడనిది మా యారాలితో, అంటే నా మరిది భార్యతో. రెండిళ్ళకూ ఒకటే వాకిలి. నడుమ తడిక కట్టించింది మేమే.

డెబ్బైల మొదట్లో మా అత్తమ్మ మంచాన పడింది. చలికాలం. నోరు చేదుగా ఉందంది, రవ్వంత పెరుగన్నం పెట్టమని నా చెయ్యి పట్టుకుని అడిగింది. పెట్టాను. మూడో రోజు ప్రాణం పోయింది. ఇంటినిండా జనం ఉన్నప్పుడు మా యారాలు గట్టిగా అన్నది, "చలిల పెరుగు పెట్టి పెద్ద పానం తీసింది" అని. నేనూ ఊరుకోలేదు. ఆమెకు పిల్లలు లేరు. "కడుపు పండనిదానివి, నీకేం తెల్సు సేవంటే?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. శవం పక్కన కూర్చుని అన్న మాట అది.

ఆ తర్వాత ఆ పెరుగు నన్ను వదలలేదు. నిజంగా నేనే చంపానా? ఎవరిని అడగాలి? ఆనాటి నుంచి చలికాలంలో మా ఇంట్లో పెరుగు తోడు పెట్టలేదు. మనవరాలు అడిగినా పెట్టలేదు.

బైబిలమ్మ ఏటేటా అడిగేది. నేను ఏటేటా, "ఆమెనే ముందు మాట్లాడాలె" అనేదాన్ని. "సరే. మళ్ళొచ్చే ఏడు అడుగుత" అని లేచిపోయేది. కసరలేదు, శపించలేదు. ఒక ఏడాది నాకే విసుగొచ్చి అడిగేశాను.

"అందరు పండుగ ముచ్చట మాట్లాడ్తరు. మీరేందమ్మా, పండుగ పూట పాత లొల్లి తీస్తరు?"

"పండుగ ఎవరిది బిడ్డా?"

"యేసయ్యది."

"ఆయన గొడ్ల కొట్టంల పుట్టిండు. నీ గోడకు సున్నం లేకున్నా సర్దుకుంటడు. తడిక అవతల ఒకరు, ఇవతల ఒకరు మొఖం తిప్పుకుంటే నడుమ ఆయన ఏడ కూసుండాలె?"

అయినా యారాలి దగ్గరికి పోలేదు. పోయి ఏమనాలి? ఆమె మళ్ళీ ఆ పెరుగు మాట ఎత్తితే?

ఆరేళ్ళు ఇలాగే గడిచాక, మా చిన్నమ్మాయి సంబంధం వాళ్ళు క్రిస్మస్ నాడే భోజనానికి వస్తామన్నారు. ఆ వారమంతా నాకు కంటిమీద కునుకు లేదు. నడుము పట్టేసింది. గడపలో బైబిలమ్మ కూర్చుని అదే మాట అడిగింది. ఇంకో బరువు ఎత్తుకునే ఓపిక లేక, చెప్పేశాను.

"మాట్లాడుకుంటున్నం అమ్మా. కలిసిపోయినం."

ఆమె నా మొహంలోకి చూసింది. "దేవునికి స్తోత్రం" అంది. తర్వాత నెమ్మదిగా, "మరి ఆమె కాలు నొప్పి తక్కువైనాది?" అంది.

కాలు నొప్పి ఉందనే నాకు తెలియదు. "తక్కువైంది. ఎడమ కాలే కద" అన్నాను.

"ఊఁ" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు గొడుగు మరవలేదు.

నేను తడిక సందులోంచి చూశాను. మా యారాలు కుంటుతోంది, కుడి కాలు. క్రిస్మస్ నాడు ప్రభు బల్ల దగ్గర ఆయన శరీరమని ఇచ్చే రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నానో లేదో దగ్గు అందుకుంది. అబద్ధానికి శిక్షేమో అనుకున్నాను. చలిగాలి దగ్గే, నాలుగు రోజులకు తగ్గింది. భయం మాత్రం తగ్గలేదు.

అప్పటినుంచి బైబిలమ్మ వచ్చినప్పుడల్లా ఇదే వరస. మీ యారాలు రాత్రి రొట్టె తింటుందా, అన్నమా? ఆమె తమ్ముడు హసన్‌పర్తి నుంచి వచ్చిపోయిండా? షుగరు ఎంతున్నదట? ఈసారైనా తడుముకోకుండా చెప్పాలని నేను ముందే కనుక్కుని పెట్టుకునేదాన్ని. పాలామెను అడిగేదాన్ని. ఒకసారి మా ఇంటాయనను అడిగాను.

"మీ తమ్ముని భార్యకు షుగరు తగ్గిందా?"

"నువ్వే పోయి అడుగరాదే! తడిక అవతల ఉన్నది, లండన్ల లేదు" అన్నాడు.

ఎనిమిదేళ్ళు ఒక అబద్ధాన్ని మోస్తూ, మా యారాలు ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు మందు వేసుకుంటుందో, ఏ రోజు కళ్ళు వాచి ఉంటాయో అన్నీ తెలుసుకున్నాను. ఆమె దగ్గు ఆగకపోతే ఇక్కడ నాకు నిద్ర పట్టేది కాదు. ఒక్క మాట మాత్రం మాట్లాడలేదు.

పోయిన నెలలో బైబిలమ్మను దవాఖానలో వేశారు. నేను బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకుని పోయాను. ఈసారి నిజం చెప్పేయాలనే పోయాను. ఆమె గొంతు సన్నగా వస్తోంది.

"మీ యారాలు మంచిగున్నదా బిడ్డా?"

నోరు తెరిచాను. ఇంతలో నర్సు సూది పట్టుకుని వచ్చింది. పక్క మంచాలవాళ్ళు చూస్తున్నారు. "మంచిగున్నదమ్మా" అన్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక మళ్ళీ వస్తా, అప్పుడు చెబుతా అనుకున్నాను. ఆదివారం వాన, ఒళ్ళు నొప్పులు, పోలేదు. మంగళవారం గంట మోగింది.

ఆమెకు చెప్పిన చివరి మాట అబద్ధం. ఇప్పుడు దేవుని దగ్గర ఆమెకు అన్నీ తెలిసి ఉంటాయి.

సమాధుల తోటలో గుంటకు ఒక పక్క నేను, ఇంకో పక్క మా యారాలు. మట్టి వేసి మళ్ళుతుంటే పాస్టరమ్మ మా ఇద్దరినీ పిలిచింది.

"రేపు బైబిలమ్మ గది సర్దాలె. మీ ఇద్దరికే చెప్పమన్నది దవాఖానల. వాళ్ళిద్దరు మంచిగ కలిసి చేసుకుంటరు అన్నది."

మా యారాలు నేల చూసింది. నేను ఆకాశం చూశాను.

మర్నాడు పోయాము, వేరు వేరుగా. చర్చి వెనక చిన్న గది. ఒక రేకు పెట్టె, కిరోసిన్ స్టవ్వు, రెండు పళ్ళేలు, కళ్ళద్దాలు. మూలకు నాలుగు గొడుగులు, వాటిలో ఆమెవి ఎన్నో, ఊళ్ళోవాళ్ళవి ఎన్నో దేవునికే తెలియాలి. మా యారాలు డబ్బాలు తుడుస్తోంది. నేను ఊడుస్తున్నాను. చీపురు ఆమె పాదం దాకా వచ్చి ఆగింది.

"ఆ కాలు జరపు" అన్నాను. పద్నాలుగేళ్ళకు నేనన్న మొదటి మాట అది.

"జరుపుత తీ. ఏం తొందర?" అంది.

గొంతు విప్పాను కాబట్టి ఇక ఆగలేకపోయాను. "నేను ఆమెకు అబద్ధం చెప్పిన. మనం మాట్లాడుకుంటున్నమని."

ఆమె డబ్బా కింద పెట్టింది. "నువ్వు గూడనా?"

"నువ్వు గూడ అంటే?"

"నేనూ గట్లనే చెప్పిన అక్కా! ఇగ వచ్చినప్పుడల్లా మీ అక్కకు నిద్ర పడ్తాందా, మీ అక్క నడుము ఎట్లున్నది, ఇదే అడుగుడు. నేనేం చెప్పాలె? తడిక పొంటి నిలబడి చూసుడే నా పనాయె."

"అన్ని ఎరికే ఉండి అడిగింది ముసల్ది!" అన్నాను.

ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఆమె నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వు చల్లారాక గది ఇంకా చిన్నదైనట్టయింది.

"ఆనాడు అన్న మాట..." అన్నాను.

"ఏ మాట?"

"నీకు తెల్సు."

"తెల్సు. కని నువ్వే చెప్పాలె."

చెప్పాను. పిల్లలు లేరని నిన్ను అన్నాను, అనొద్దుండె అన్నాను. చేతిలో చీపురు అట్లాగే ఉంది. ఆమె డబ్బాకు మూత పెట్టింది.

"ఆ మాట ఇంక చెవులల్లనే ఉన్నదక్కా. పోతదని నేను చెప్ప" అంది. మళ్ళీ తనే అంది. "నేనొకటి దాచిన. అత్తమ్మ పోయిన్నాడే, మన లొల్లి అయినంక డాక్టరు నాతోని చెప్పిండు. గుండె ఆగిపోయిందమ్మా, తిండితోని ఏం కాలేదు అన్నడు."

రేకు పెట్టె మీద కూలబడ్డాను. పద్నాలుగు చలికాలాలు.

"మరెందుకు చెప్పలే?"

"మొదలు కోపం. తర్వాత సిగ్గు."

కోపం నాకూ వచ్చింది. కాని దాన్ని ఎత్తుకుని ఇంటిదాకా మోసే బలం నాలో లేదు. చాలా అలసిపోయి ఉన్నాను. ఆమె మొహం చూస్తే ఆమె కూడా అలసిపోయే ఉంది.

ఈ సంవత్సరం మా వాడలో రంగు రంగుల బల్బుల దండలు వచ్చాయి, టేప్ రికార్డరూ వచ్చింది. పిల్లలు సంబరంగా ఉన్నారు, నేను వద్దనను. ఎవరితో మాట్లాడటం లేదని బైబిలమ్మలా అడిగేవాళ్ళు మాత్రం లేరు. ఎవరో ఒకరు అడగాలి. నాలాంటి పిరికిది అడిగితే ఎవరైనా వింటారా, విసుక్కుంటారా, ఇంకా తేల్చుకోలేదు.

ఆ రోజు గది సర్దడం అయిపోయి తలుపు వేయబోతుంటే, వెనక తాడు మీద బైబిలమ్మ చీర కనబడింది. దవాఖానకు పోయేముందు ఉతికి ఆరేసుకున్నది కాబోలు, ఎండకు ఎండి వానకు తడిసి మళ్ళీ ఎండి గరుకుగా అయింది. మా యారాలు ఒక కొస పట్టింది. నేనొక కొస పట్టాను. గట్టిగా లాగి దులిపాము. ఒకరివైపు ఒకరం నడిచాము, ఆమె కుంటుతూ, నేను నడుము పట్టుకుంటూ. కొసలు కలిసిన చోట నా చేతిలోవి ఆమె అందుకుంది. ఆరు గజాల చీర ఒక్కసారికి మడత పడదు. నేను వంగి కింది మడత పట్టుకుని వెనక్కి నడిచాను. మళ్ళీ ఎదురుగా వచ్చాను.