పడవ వచ్చేదాకా

రెండేళ్ల కిందటి శ్రావణం. శ్రీకాకుళం తీరంలోని ఒక మత్స్యకార పల్లెలో ఏఎన్ఎంని, అంటే సబ్‌సెంటర్ నర్సుని. టీకాలు, గర్భిణుల చెకప్పులు, ఇంటింటి సర్వే, వాటితో పాటు వచ్చే తిట్లు అన్నీ నావే. నాకూ నోరెక్కువేనని ఊరందరికీ తెలుసు.

ఆ నెలలో ఏడో తరగతి చదివే దివ్య బడిలో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ తక్కువ. ఒంట్లో రక్తం తక్కువని దానర్థం. ఐరన్ మాత్రలిచ్చాను. వేసుకుంది, మళ్లీ పడింది.

"ఎక్కడో పడి తల పగలగొట్టుకుంటాది నర్సమ్మా. బడి మానిపించీస్తాం" అంది వాళ్లమ్మ లక్ష్మి.

క్లాసులో ముందుండే పిల్ల. నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు మధ్యాహ్న భోజనం వేళకి బడికెళ్లి కూర్చున్నాను. పిల్లలంతా తింటున్నారు. దివ్య మాత్రం కంచం ముందు పెట్టుకుని, వరండాలోంచి ఒడ్డు వైపే చూస్తోంది. గాలి గట్టిగా ఉంది.

"ఏటే, కూర బాగులేదా?"

"మా నాన్న పడవ ఇంకా రాలేదు."

"వస్తాదిలే. నువ్వు తిను."

"నాను తినీస్తే నాన్న రాడు."

"ఎవులు సెప్పినారే నీకు?"

"ఎవులూ సెప్పలేదు" అంది, ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

నేరుగా వాళ్లింటికి వెళ్లి లక్ష్మిని నిలదీశాను. "మా అత్త తినదు, నాను ముందు తినగల్నా? పడవొచ్చేదాకా ఈ ఈదిలో ఆడోళ్లెవులూ తినరు. గంగమ్మకి మొక్కేమో అనుకున్నాను" అంది. నేను వీధి ఆడవాళ్లందరినీ పోగుచేసి మూఢనమ్మకాల మీద అరగంట దంచాను. అందరూ బుద్ధిగా తలూపారు. తర్వాతి వారం దివ్య నాలుగోసారి పడింది.

అప్పుడు బుద్ధొచ్చి పాత రిజిస్టర్లు తీశాను. ఆ వీధిలో ఇంచుమించు ప్రతి ఆడమనిషికీ రక్తం తక్కువే. పక్కన "ఫాలో-అప్", అంటే మళ్లీ చూడాలి అని, నా చేత్తోనే రాసి ఉంది. ఏటా మాత్రలు పంచాను తప్ప ఎందుకని ఒక్కసారీ అడగలేదు. సిగ్గేసింది.

మళ్లీ వాళ్లింటికి వెళ్తే, దివ్య నానమ్మ ఎర్రమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. ఈసారి ఎందుకు తినరని ఒక్క మాట అడిగి, నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను. చేపలు సగం తిరగేశాక చెప్పడం మొదలుపెట్టింది.

"తుపానొచ్చినాది. దివ్య నాన్న అప్పుడు నా కడుపులో ఉన్నాడు, ఆకలి ఆగేది కాదు. ఆయన రాకముందే సద్దన్నం తినీసినాను. సెయ్యి తడారలేదమ్మా, కబురొచ్చీసినాది. ఈ ఈదిలో పదకొండు మంది ఎలిపోనారు. ఒక్కడి ఒళ్లైనా ఒడ్డుకి రాలేదు. ఆ మర్నాటి నుంచి ఎవులం ముందు తినలేదు. పిల్లలకెందుకని ఎవులికీ సెప్పలేదు."

నేను దివ్య అన్న మాట చెప్పాను. ముసలామె చేతిలో చేప కింద పెట్టేసింది. "దానికెలాగ తెలిసినాదే తల్లీ!" అని తల పట్టుకుంది.

ఆ ఆదివారం నన్నూ ఇంటికి రమ్మంది. పడవలింకా సముద్రంలోనే ఉన్నాయి. దివ్యని ఒళ్లో కూర్చోబెట్టుకుని జరిగిందంతా చెప్పింది. మొగుడి పేరు నోటితో ఎన్నడూ అననిది, "మీ తాత పోలయ్య" అంది. తర్వాత అన్నం కలిపి ముద్ద ఎత్తింది. దివ్య ఆ చెయ్యి పట్టేసుకుంది. "వద్దు నానమ్మా, నాన్న రాడు!"

"వస్తాడే. నాను తిన్నానని పోలేదే మీ తాత. గాలికి పోనాడు."

ముద్ద మింగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. తర్వాత దివ్య తింది, ఏడుస్తూనే. సాయంత్రానికి పడవ వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదిలో ఉంది, మళ్లీ పడలేదు. వీధిలో కొందరు ఇప్పటికీ తినరు. నేనూ కేకలెయ్యడం మానేశాను.

ఇప్పుడు ఎవరికైనా రక్తం తక్కువని తేలితే, మాత్రలు తీయకముందే ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కాసేపు కూర్చుంటున్నాను. బిడ్డకి నయం చేశానని ఆ ఆదివారం నాకు సంతోషమే. కానీ ఆ సాయంత్రం బస్సు దాకా సాగనంపడానికి వచ్చిన ఎర్రమ్మ, సముద్రం వైపు తిరిగి అన్న మాట మాత్రం ఏ కేస్ షీట్‌లోనూ రాయలేకపోయాను.

"ఇన్నేళ్లూ తినకుండా కూకుంటే, ఆయనింకా వస్తాడేమో అని ఉండేది నర్సమ్మా. ఇయ్యాల తినీసినాను. మరి రాడు."