ఇరవై నాలుగేళ్ల బాబు

మా అబ్బాయికి ఇరవై నాలుగేళ్లు. ఇంట్లో మిక్సీ తిరిగితే బయటికి పోతాడు. బయట పసుపు కొమ్ముల్ని పాలిష్ చేసే డ్రమ్ము తిరిగితే మళ్లీ లోపలికొస్తాడు. చొక్కా కాలర్‌కు కుట్టిన చీటీ మెడకు గీసుకుంటే ఆ పూట అన్నం తినడు. ఆర్మూర్‌లో పసుపు ఉడికే వాసన అందరికీ లక్ష్మి, వాడికి మాత్రం వాంతులు. మొబైల్ షాపులో పనికి కుదిరిస్తే, గుమ్మం ముందు పెట్టిన స్పీకర్ మోతకు తట్టుకోలేక వారం తిరక్కుండానే వచ్చేశాడు.

దీనికి మా చుట్టాలు పెట్టిన పేరు పనిదొంగతనం. మా అన్నయ్య కాస్త దయగలవాడు కాబట్టి వైద్యం కూడా చెప్పాడు.

"పెండ్లి చెయ్యి చెల్లె. అన్నీ గవే సక్కగైతయ్."

"పెండ్లిల డీజే ఉంటది గదన్నా."

"డీజే లేకుంటె పెండ్లెట్లయితది?" అన్నాడు, జబ్బు నాకే ఉన్నట్టు చూస్తూ.

ముందు నిజామాబాద్‌లో చెవుల డాక్టర్‌కు చూపించాను. ఆయన వాణ్ని గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేయించి, శుభవార్త చెప్పినట్టు చెప్పాడు.

"చెవులు ఫస్ట్ క్లాసున్నయమ్మా. చీమ నడిచినా ఇనపడతది."

"గదే బాధ సార్."

"ఇనపడకుంటె మందిస్త. ఇనపడితె ఏమియ్యాలె?"

వట్టి చేతులతో పంపడం ఇష్టం లేక బలం గోలీలు రాశాడు.

ఇలాంటి ఇబ్బందులకు అక్కడే ఒక సెంటర్ ఉందని ఎవరో చెబితే ఫోన్ చేశాను. బాబును తీసుకొని రమ్మన్నారు. వెళ్లాం. గోడల నిండా ఏనుగులు, జిరాఫీలు. టీవీలో పిల్లల పాటలు హోరెత్తుతున్నాయి. చప్పుడు పడని పిల్లలందరూ ఆ టీవీ కిందే కూర్చొని తమ వంతు కోసం చూస్తున్నారు. కౌంటర్ దగ్గరి అమ్మాయి మా వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూసింది.

"బాబేడమ్మా?"

"వీడే."

మీసాలు దువ్వుకొని వచ్చిన మావాడు తల దించుకున్నాడు.

"మేం చిన్నపిల్లలనే చూస్తం. చిన్నగున్నప్పుడే తీసుకరావాలె గదా."

"వీడు చిన్నగున్నప్పుడు మీ సెంటర్ లేదు బిడ్డా."

ఆ అమ్మాయి, వచ్చినవాళ్లను ఎందుకు వదులుకోవాలనుకుందో ఏమో, లోపలికి పంపింది. అక్కడున్నాయన బాతు బొమ్మ ఉన్న కుర్చీ జరిపాడు. మోకాళ్లు గడ్డానికి తగిలేలా మావాడు అందులో ఇమిడాడు. ఆయన చేతికో మెత్తటి బంతి ఇచ్చి "నొక్కు నానా" అన్నాడు. నొక్కాడు. "వెరీ గుడ్" అంటూ ఆయన గట్టిగా చప్పట్లు కొట్టాడు. మావాడు చెవులు మూసుకొని బయటికి నడిచాడు.

"అమ్మా, ఇగ ఎవ్వల దగ్గరికి వద్దు," అన్నాడు బస్సులో. వాడి గొంతులో కోపం కూడా లేదు. దానికే నాకు భయం వేసింది.

కొన్నాళ్లు ఊరుకొని, ఇదొక్కటేనని బతిమాలి హైదరాబాద్ తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ మొదట ఫ్యాను ఆపింది, తర్వాత లైటు. ఏం ఇబ్బంది పెడుతుందని అడిగింది. అలవాటు ప్రకారం నేను మొదలుపెట్టాను.

"మిమ్మల్ని కాదమ్మా, ఆయన్ని అడుగుతున్నా."

మావాణ్ని 'ఆయన' అన్న మొదటి మనిషి ఆమె. ఆయన మాట్లాడాడు. ఇంట్లో ఏడాదంతా మాట్లాడినదాని కంటే ఎక్కువ మాట్లాడాడు. ట్యూబ్‌లైటు గుంయ్‌మంటుందట. నేను అన్నం వడ్డిస్తుంటే గాజులు గలగలమంటాయట.

"బాపు చాయ్ జుర్రుతుంటె నెత్తిల మొల కొట్టినట్టైతది."

నాకు నవ్వొచ్చింది. వాడి ముఖం చూశాక ఆగిపోయింది.

చప్పుడూ వాసనా ముట్టుకోవడమూ వాడికి అందరికంటే ఎక్కువగా అందుతాయనీ, అది పొగరూ బద్ధకమూ కాదనీ చెప్పిందామె. పూర్తిగా పోదట. తట్టుకొని బతికే దారులున్నాయట. ఆ దారులు పెద్దవాళ్లకు నేర్పే ఒకాయన ఇప్పుడు వాడితో వీడియోలో మాట్లాడుతున్నాడు.

ఇంటికొచ్చాక లైట్లు మార్చాం, చీటీలు కత్తిరించాం. నేను గాజులు తీసి ఒక్కో చేతికి ఒక్కో కడియం వేసుకుంటే, పక్కింటామె గొంతు తగ్గించి మా ఆయన ఆరోగ్యం ఎట్లుందని అడిగింది. ఆ ఆరోగ్యవంతుడు ఇప్పుడు వంటింట్లో చాయ్ తాగుతున్నాడు.

మావాడు వెనక గదిలో ఫోన్లు బాగు చేస్తాడు. షాపులవాళ్లు తెచ్చిచ్చి పోతారు. ఫోన్లు బాగు చేసేవాడికి ఫోన్ చేయకూడదు, మెసేజే పెట్టాలి. మొదట్లో నవ్వారు, పని బాగుండేసరికి మెసేజ్‌లు నేర్చుకున్నారు.

చప్పుడు ఆపే హెడ్‌ఫోన్ వాడికి తెప్పిస్తే, మా ఆయన పాలిష్ డ్రమ్ము దగ్గర పెట్టుకొని చూశాడు.

"మస్తు హాయిగున్నదే," అన్నాడు. ఇప్పుడు ఇంట్లో నా మాట వినపడనివాళ్లు ఇద్దరు.

పసుపు ఉడికే రోజుల్లో మావాడు మెండోరలో మా చెల్లెలింట్లో ఉంటాడు. వాళ్ల వాకిట్లో పట్టిన చేపలు ఎండుతుంటాయి. ఆ కంపు భరించలేక నేను ముక్కు మూసుకుంటాను. వాడికి మాత్రం ఆ వాసన పడుతుందట. ఎందుకో డాక్టరమ్మకూ తెలియదు.