రెప్పల ఆపరేషన్‌కు ఎంతవుతుంది?

మా మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో టోపీ, మాస్కు పెట్టుకుంటే కళ్లు తప్ప ఇంకేం కనిపించవు. నా పైరెప్పలేమో ఎప్పుడూ వాలి ఉంటాయి. అందుకే ఎవరు ఎదురైనా ఒకటే మాట: "నిద్రొస్తుందా అక్కా?"

విసుగొచ్చి ఈ రోజు షిఫ్టు దిగగానే పటాన్‌చెరులో కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. చూపుకు ఢోకా లేదు, అందం కోసమైతే రెప్పలకు ఆపరేషన్ చేయించుకోవచ్చన్నాడు. ఖర్చెంతో కౌంటర్లో అమ్మాయి చెప్పింది. ఎక్కువే గానీ, చిట్టీ ఎత్తితే సరిపోతుందిలే అని తలూపాను.

"ఆ రోజు నీ ఎంబడి ఎవరొస్తరక్కా?" అని అడిగింది.

"ఎవరెందుకు? ఆటోల పోత."

"కండ్లు ఉబ్బుతయక్కా, మసక మసక కనిపిస్తది. చుక్కల మందు ఎయ్యాలె, ఐసు పెట్టాలె. గవన్నీ ఆటో ఆయన చేస్తడా?"

ఇద్దరం నవ్వాం. ఆమె మాత్రం పెన్ను పట్టుకుని నా వెంట వచ్చేవాళ్ల పేరు కోసం ఎదురుచూస్తూనే ఉంది. రోజూ నిద్రొస్తుందా అని అడిగేవాళ్లు గుర్తొచ్చారు. మాస్కు తీస్తే వాళ్లెలా ఉంటారో నాకే సరిగ్గా తెలియదు. "మల్ల చెప్త" అని వచ్చేశాను.

ఇంతకీ పటాన్‌చెరు వైపు ఎవరికైనా ఒక పూట ఖాళీ ఉందా? చాయ్ నాది. నన్ను గుర్తుపట్టడం తేలికే, నిద్రమొహంతో నిలబడి ఉంటాను.