మామను మోసిన కడాయి కర్రలు

మొన్న మంచు బాగా కురిసింది. పొద్దెక్కినా చెరుకాకు తడి ఆరలేదు. గానుగ దగ్గర పాకం పొంగుకొచ్చిన వేళ, జహీరాబాద్ ఇంటి నుంచి మనిషి వచ్చి మా మేనమామ చనిపోయాడని చెప్పాడు. పొయ్యి మీద పాకాన్ని వదిలి వెళ్లలేం. కడాయి దించే నలుగురూ దాని చెవుల్లో రెండు కర్రలు దూర్చి ఎత్తారు. పాకాన్ని అచ్చులకు పోసే గుంట దగ్గరికి రాగానే ముందున్నవాడు "ఒంపు" అని అరిచాడు. ఒంపారు. తర్వాత చేతులు కడుక్కుని బయలుదేరాం.

గానుగ మామదే. గొడవల కాలంలో ఒక మధ్యాహ్నం కొందరు తుపాకులతో వచ్చారు. ఈ నలుగురిలో ఇద్దరి కోసం వెతుకుతున్నారు. ఆ ఇద్దరూ చెరుకులో దాక్కున్నారు. ఎక్కడున్నారో మామ చెప్పలేదు. వాళ్లు ఆయన్ను వెనక నుంచి చంకల కింద చేతులు వేసి ఎత్తి, గానుగ దూలం మీద పడేసి, గొడ్డలి తిరగేసి మోకాళ్లు చితకగొట్టారు. నేను బెల్లం కొట్టం వెనక ఉన్నాను. చెరుకు నలిగినట్టే వినపడింది. పోతూ పోతూ తోటకు నిప్పు పెట్టారు. ఇద్దరూ ఒళ్లు కాలినా బతికారు.

వడ్రంగి ఒక కుర్చీకి సైకిల్ చక్రాలు బిగించి ఇచ్చాడు. అప్పటి నుంచి మామది ఒకటే మాట.

"ఎత్తేముందు అడుగున్రి. నేను మూటను గాను."

క్షవరం చెయ్యడానికి వచ్చినాయన అడగకుండా పైకి లేపితే చెయ్యి కొరికాడు.

ఎడమ మోకాలు మానలేదు, చీము పట్టింది. వెంటనే బొంబాయి పెద్ద దవాఖానకు తీసుకెళ్లకపోతే బతకడన్నారు. రైలు దారిలో కొట్లాటలు. అందుకని హైదరాబాద్‌లో విమానం ఎక్కించాలనుకున్నాం. కుర్చీతో సహా లారీలోకి ఎత్తడానికి ఆ నలుగురూ కడాయి కర్రలు తెచ్చారు.

విమానం దగ్గర ఒక అధికారి కుర్చీ ఎక్కనివ్వనన్నాడు. ఇద్దరు హమాలీలు వెనక నుంచి వచ్చి మామ చంకల కింద చేతులు వేశారు. మామ మోచేత్తో వెనక్కి ఒక్కటి పొడిచాడు. ఒకడి ముక్కు పగిలింది. మెట్ల మీద రక్తం కారింది.

"జర అడగరాదుర! నేను మనిషినే గద!"

"గిట్ల కొట్టెటోన్ని ఎక్కనియ్య. తీస్కపోన్రి," అన్నాడు అధికారి.

"తీస్కపోతే సస్త," అని మామ మావాళ్ల వైపు తిరిగాడు. "కర్రలు దూర్చున్రి."

"ఎత్తమంటరా, అప్పా?"

"ఎత్తున్రి."

అధికారి హమాలీ ముక్కుకు గుడ్డ అడ్డం పెడుతుండగా నలుగురూ మెట్లెక్కారు. తలుపు దగ్గరికి చేరగానే ముందున్నవాడు అలవాటు కొద్దీ "ఒంపు!" అని అరిచాడు. నలుగురూ ఒంపారు. మామ విమానంలోకి జారి, ఇనుప అంచుకు నుదురు కొట్టుకుని పడ్డాడు. ముఖమంతా రక్తం.

"ఏందిర, నన్ను గూడ అచ్చుల పోస్తరా?" అన్నాడు.

ముందుగా నవ్వింది ముక్కు పగిలిన హమాలీయే. అధికారి కిందికి దించమని అరిచాడు.

"ముందుగాల అడగాలె గద, సాబ్," అని హమాలీ మెట్లెక్కి లోపలికి తొంగి చూశాడు. "దిగుతవా, పెద్దాయనా?"

"దిగ."

విమానం నడిపేవాడు ఆలస్యమవుతోందని లోపలి నుంచి కేక వేశాడు. తలుపు మూశారు. ఖాళీ కుర్చీతో మేం లారీ ఎక్కాం.

బొంబాయిలో ఎడమ కాలు తీసేశారు. తిరిగొచ్చి ఆ కుర్చీలోనే గానుగ దగ్గర కూర్చుని బెల్లం తీయించాడు. ఈ చలికాలం జ్వరం తగిలి లేవలేదు.

మాలో చనిపోయినవాళ్లను కూర్చోబెట్టి మోసుకెళ్లి, అలాగే పూడ్చిపెడతారు. మా అత్త కుర్చీకి చక్రాలు ఊడదీయించి, మామను అందులోనే కూర్చోబెట్టించింది. నుదుటి మచ్చ మీద విభూతి పెట్టింది. నలుగురూ కర్రలు దూర్చారు కానీ ఎత్తలేదు. చెరుకులో కాలినవాళ్లలో ఒకడు వంగి చెవి దగ్గర అడిగాడు.

"ఎత్తమంటరా, అప్పా?"



"ఎత్తున్రి," అంది అత్త.

గుంట దగ్గర ఎవరూ "ఒంపు" అనలేదు. కుర్చీ ఒరగకుండా నిలువునా దించారు.

పొద్దు తిరిగాక నలుగురూ గానుగకు వెళ్లారు. దీపాల వేళకు అత్త, నేను ఇంటికి వచ్చాం.