మొరవ కాలువకు అడ్డంగా వల

పాకాల పక్కన రెండు ఊళ్ళకు రెండు చెరువులు. ఎగువ చెరువు నిండి మొరవ, అదే అలుగు, మీదుగా పొర్లితేనే దిగువ చెరువుకు నీళ్ళు. ఆ ఏడు ఎగువ చెరువంతా గుర్రపుడెక్క కమ్ముకుంది. ఊదాపూలకు ముచ్చటపడి ఎవరో తెచ్చి వేశారని కొందరు, చేపపిల్లలతో వచ్చిందని కొందరు అన్నారు. ఏది నిజమో తేల్చే ఆధారం లేదు. నీళ్ళు పొర్లిన రోజు అది దిగువకు రావడం మాత్రం ఖాయం.

మునిలక్ష్మికి దిగువ చెరువు కింద మడి ఉంది. ఆమె పుట్టినూళ్ళో ఇదే మొక్క తూముకు అడ్డంపడి, నీళ్ళు కళ్ళెదుటే ఉన్నా నాయన మడి ఎండిపోయింది. అందుకే వానలకు ముందే కాలువకు అడ్డంగా వెదురుగడలు పాతించి, చేపల వల బిగించింది.

మొరవ పారిన ఉదయం ఊరంతా పసుపు కుంకుమలు, కొబ్బరికాయలతో కాలువ గట్టుకు చేరింది. కొత్తనీటికి హారతి పట్టి పిలుచుకోవడం అక్కడి ఆచారం. వలను చూడగానే ఆమె బావ దొరస్వామి ముఖం మాడింది.

"ఏమమ్మా, గంగమ్మ దారికే అడ్డం కట్టినావే!"

"గంగమ్మకు కాదు బావా. ఆ యమ్మ కొంగు పట్టుకోని వస్తా ఉండే పిలవని సుట్టానికి."

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. దొరస్వామి నవ్వలేదు.

"ఇప్పుడు ఇప్పేయ్. మొక్కుకున్నాక కట్టుకో."

"అంతలోకి సగం వచ్చేస్తాది. అప్పుడు మీరొచ్చి పెరుకుతారా?"

ఆయన పట్టింపు అర్థం లేనిది కాదు. తరాలుగా ఆ నీటిని గౌరవించిన ఇల్లు అది. మునిలక్ష్మికీ ఆ సంగతి తెలుసు. గొంతు తగ్గించింది.

"వలకు ఎగదాలే హారతి పడదాం బావా. నీళ్ళు యాడన్నా నిలిచినాయేమో మీరే సూడండి."

దొరస్వామి కాలువలోకి దిగి వలకు దిగువన చెయ్యి పెట్టాడు. నీళ్ళు వేళ్ళను ఒరుసుకుంటూ సాగిపోతున్నాయి. ఆమె చేతిలోని కొబ్బరికాయ అందుకుని వలకు ఎగువనే కొట్టాడు.

కొంతసేపటికి పచ్చటి తెట్టు కదిలి వచ్చింది. వల ఉబ్బింది, గడలు వంగాయి. మునిలక్ష్మి దోటికర్రతో ఒక్కో గుత్తిని గట్టుకు లాగసాగింది.

"సూస్తారేందప్పా? పట్టండి!" పంచె ఎగగట్టి కేకేసింది దొరస్వామే.

సాయంత్రానికి వలకు చిక్కిన మొక్కంతా గట్టు అవతల, వాన కొట్టినా తిరిగి నీళ్ళలో పడని మెరకన కుప్పయింది. వరద మితంగా రావడమూ కలిసొచ్చిందని ఒప్పుకోవాలి. ఏమైనా దిగువ చెరువు తేటగా నిండింది.

మర్నాడు దిగువ చెరువుకూ కిందున్న ఇంకో ఊరి పంకజాక్షి వెతుక్కుంటూ వచ్చింది. "అక్కా, మీ చెరువు నిండి పొర్లితే నీళ్ళు మాకే గదా. మా కాలువకూ నువ్వే వచ్చి వల కట్టియ్యల్ల."

తప్పించుకున్న ఒక గుత్తిని మోకాటిలోతు నీళ్ళలోంచి పెరుకుతూ మునిలక్ష్మి తలెత్తింది.

"వస్తా. దోటికర్రలు మాత్రం మీరే తెచ్చుకోవల్ల."