పిన్నికి కూడా తెలుసు

నా చిన్నప్పుడు అమెరికాలో, ప్లేనోలో మా వీధి చివర ఏముందో చెప్పమంటే తడుముకునేదాన్ని గానీ, క్రిస్మస్‌కి ముందు ఇంగ్లండ్‌లో ఏ ఊళ్ళో ఏం చూడాలో అడిగితే మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. లీడ్స్‌లో చెక్క కొట్ల సంత, యార్క్‌లో ఒకదాని మీదికొకటి వాలినట్టుండే పాత ఇళ్ళ సందు, మాంచెస్టర్‌లో దీపాల కింద బ్యాండు వాయించే వాళ్ళు. అన్నీ మా పిన్ని ఫోన్‌లో చెప్పినవే.

అమ్మానాన్నలు అమెరికాలో నిలదొక్కుకునేదాకా కాకినాడలో నన్ను పెంచింది పిన్నే. నేను ప్లేనో వచ్చాక ఆమెకు పెళ్ళయింది, నర్సు ఉద్యోగం వచ్చి లీడ్స్ వెళ్ళింది. మళ్ళీ కలిసిందే లేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఆ డిసెంబర్‌లో మేం ముగ్గురం పిన్ని దగ్గరికి వెళ్తున్నామని నాన్న చెప్పారు. సంతలూ దీపాలూ సరే, నాకు కావలసింది మాత్రం పిన్ని చెయ్యి పట్టుకుని ఆ వీధుల్లో నడవడం. ఆ రోజు కోసం కళ్ళలో వత్తులు వేసుకుని చూశాను.

డిసెంబర్ వచ్చిందంటే మా తెలుగు చర్చి వాళ్ళు శనివారాలు ఇంటింటికీ క్యారల్స్‌కి తిరిగేవారు. కాకినాడలో అయితే నక్షత్రం పట్టుకుని నడిచేవాళ్ళం. ప్లేనోలో నడక ఎక్కడిది, కార్ల వరుసే. ఒక ఇంట్లో డోలక్ వాయించి, పాడి, ప్రార్థన చేసి, కేకూ జంతికలూ తిని, మళ్ళీ సీటు బెల్టులు పెట్టుకుని ఇంకో ఇంటికి. పాట మొదట ఎత్తుకునే పని నాది. పాటయ్యాక ఆంటీలు నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని, ఇంగ్లండ్‌లో ఏమేం చూస్తావమ్మా అని అడిగేవారు. నేను చేతులు తిప్పుతూ వర్ణించేదాన్ని. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వేవారు. నన్ను చూసి ముచ్చటపడుతున్నారనుకున్నాను. ఒకరిద్దరు కుళ్ళుకుంటున్నారని కూడా అనుకున్నాను, దేవుడు క్షమించుగాక.

మా సండే స్కూల్ ఆంటీ అంటే పిల్లలందరికీ హడల్. వాక్యం తప్పు చెబితే కళ్ళతోనే కూర్చోబెట్టే మనిషి. ఒక శనివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో నేను వర్ణిస్తూ వర్ణిస్తూ యార్క్ దాకా వచ్చేసరికి, ఆవిడ టీ ట్రే బల్ల మీద పెట్టేసి నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మీరు ఇంగ్లండ్ వెళ్ళట్లేదు తల్లీ. మీ డాడీ వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా పెండింగ్‌లో ఉంది. ఇప్పుడు దేశం దాటితే తిరిగి రావడం కష్టం. టికెట్లు ఎప్పుడో క్యాన్సిల్ చేశారు. మా అందరికీ తెలుసు, నీకొక్కదానికే తెలీదు. అది నాకు నచ్చలేదు."

కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది. నువ్వు అబద్ధాలు చెబుతున్నావని అరిచాను. ఆవిడ కోప్పడలేదు. నేను ఏడ్చినంతసేపూ అక్కడే, ఆ చల్లటి నేల మీదే కూర్చుంది. హాల్లో నేను లేకుండానే రెండో పాట ఎత్తుకున్నారు.

కార్‌లో అమ్మను నిలదీశాను. "ముందే చెప్తే పాడేదానివా? పండగంతా మొహం మాడ్చుకుని కూర్చునేదానివి" అంది వెనక్కి తిరగకుండా. ఆ ముక్కతో నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు అరచేతిలో స్వర్గం చూపించి, క్యారల్స్‌లో పాట పాడించుకున్నారన్నమాట. వచ్చే ఏడాది తప్పకుండా వెళ్దామన్నారు నాన్న. నేను వినలేదు.

అయినా నాకు పిన్ని ఉంది కదా అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేయించుకుని, వీళ్ళు నన్ను ఎంత మోసం చేశారో చూడు పిన్నీ అని మొదలుపెట్టాను. "నువ్వంత సంతోషంగా అడుగుతుంటే చెప్పడానికి నోరు రాలేదురా" అంది.

అంతకు ముందు వారమే చలికోటు కొంటానని నా సైజు అడిగింది. అడిగినప్పుడే ఆమెకు తెలుసు. అమ్మ మోసం చేస్తే పిన్నికి చెప్పుకోవచ్చు, పిన్నే చేస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఆ కోటు తర్వాత పార్సెల్‌లో వచ్చింది. నేను దాన్ని వేసుకోలేదు.

విచిత్రం ఏమిటంటే, చాలాకాలం నేను ముఖం చాటేసింది మాత్రం సండే స్కూల్ ఆంటీకి. అబద్ధం చెప్పిన వాళ్ళందరితోనూ తొందరగానే కలిసిపోయాను. ఇప్పుడు చర్చిలో పిల్లలు నన్నే ఆంటీ అంటున్నారు. పిల్లలు మురిసిపోతుంటే చూసి నవ్వడం ఎంత తేలికో, వాళ్ళ ఎదురుగా నేల మీద కూర్చుని ఆ ఏడుపు భరించడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది. ఆవిడ చేసిన పని నేనూ ఒకటి రెండుసార్లు చేశాను. ఆ పిల్లలు నాతో మాట్లాడటం మానేశారు.

పిన్నంటే నాకు ఇప్పటికీ ప్రాణమే. మొన్న తనకి ఒంట్లో బాగాలేదని తెలిసి ఫోన్ చేస్తే, "ఏం లేదురా, టెస్టులన్నీ బాగానే వచ్చాయి" అంది. నిజమే అయి ఉండొచ్చు. ఫోన్ పెట్టేసి లీడ్స్‌కి టికెట్ బుక్ చేశాను.