కాక నొక్కని బటన్

బాపు పారతో కొడితే కాక చెయ్యి విరిగింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైందని అమ్మ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. నేను హన్మకొండలో ఆఫీసులో ఉన్నాను. పడుతూ లేస్తూ వర్ధన్నపేట దవాఖానకు చేరేసరికి కాక బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, చొక్కా నిండా నెత్తురు. బాపు అంటే మా నాన్న, కాక ఆయనకు సొంత తమ్ముడు. కాక మాత్రం ఊరుకున్నాడా? రాయి తీసి బాపు నెత్తి పగలగొట్టాడు. బాపును లోపల గదిలో ఉంచారు, కాకను వరండాలో.

గొడవంతా నీళ్ల గురించి. ఇద్దరికీ ఒకటే బోరు. పొద్దున కాక వంతు, మధ్యాహ్నం నుంచి బాపు వంతు. మోటార్‌ను ఫోన్‌తో వేసి ఆపే డబ్బా ఒకటి పెట్టుకున్నారు. కొన్నాళ్లుగా బాపు వంతులో మోటార్ ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఫోన్లో యాప్ తీసి చూస్తే, 'ఆపినవారు' అన్నచోట కాక నంబరు. వరి పొట్టకొచ్చింది, మడి నెర్రెలు విచ్చింది. కడుపు మండదా ఎవరికైనా?

"బోరుల నీళ్లు నీ వంతుకు దాసుకుంటున్నవారా, దొంగ నా కొడుకా!" అన్నాడట బాపు.

"నేను ఒత్తలే అన్నా. నా పిల్లల మీద ఒట్టు," అన్నాడట కాక. ఆ మాట పూర్తి కాకముందే పార లేచింది.

ఆ యాప్ మా ఆఫీసుదే. రాసినవాడు ఉద్యోగం మానేసి పోయాడు, రిపేరు నా నెత్తిన పడింది. దవాఖాన వరండాలో నేల మీదే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను.

"నువ్వన్నా నమ్ముతవా బిడ్డా?" అన్నాడు కాక.

"నమ్ముత కాకా. కానీ బాపు నా మాట ఇంటడా? కండ్లకు సూపెట్టాలె."

ఫోన్ పంపిన హుకుంకు జవాబు రాగానే ఏం చేయాలో చెప్పే కోడ్ ముక్కను మేం కాల్‌బ్యాక్ అంటాం. రికార్డులు చూస్తే జరిగింది తెలిసింది. కాక తన వంతు అయ్యాక ఆఫ్ నొక్కాడు, మోటార్ ఆగింది. కానీ ఆయన మడి పల్లంలో ఉంది, అక్కడ సిగ్నల్ అంతంత మాత్రం. ఆగిందన్న జవాబు ఫోన్‌కు చేరలేదు, కాల్‌బ్యాక్ నడవలేదు. జవాబు రాలేదని యాప్ ఆ హుకుంను దాచుకుంది. మధ్యాహ్నం కాక రోడ్డెక్కి సిగ్నల్‌లోకి రాగానే జేబులోని ఫోన్ దాన్ని మళ్లీ పంపింది. బాపు వేసుకున్న మోటార్ ఆగింది. పాత హుకుం చెల్లదని ఒక్క లైన్ రాయడానికి ఏం రోగం వచ్చింది ఆ దరిద్రుడికి? ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. అబద్ధమెందుకు, చేతిలో పార ఉంటే నేనూ లేపేదాన్నే.

కాసేపు దాటితే హుకుం చచ్చిపోయేలా కోడ్ రాశాను. బాపుకు చూపించడానికి కాక ఫోన్లో మాత్రం పాతదే ఉంచాను.

మర్నాడు ఇద్దరినీ పొలానికి లాక్కెళ్లాను. ఒకరి మొహం ఒకరు చూడరు. కాక పల్లంలో నిలబడి ఎడమచేత్తో ఆఫ్ నొక్కాడు. మోటార్ ఆగింది. బాపు మళ్లీ వేశాడు, నీళ్లు దూకాయి. అప్పుడు కాక దగ్గర్నుంచి ఫోన్ తీసుకుని బాపు చేతిలోనే పెట్టి, ఆయన్ను రోడ్డు వైపు నడిపించాను. రోడ్డెక్కామో లేదో, వెనక మోటార్ చప్పుడు ఆగిపోయింది. బాపు సొంత ఫోన్లో 'ఆపినవారు' అన్నచోట కాక నంబరు వచ్చింది. కాక ఫోన్ బాపు చేతిలోనే ఉంది. ఎవరూ ఏమీ నొక్కలేదు.

బాపు వెనక్కి పరుగెత్తాడు. పార అందుకుని డబ్బాను దబదబా బాదాడు. మూత ఊడింది, నిప్పురవ్వలు లేచాయి, అయినా ఆగలేదు. "ఇదిరా, ఇది జేసింది!" అని అరుస్తున్నాడు. షాకు కొడుతుందని నేను మొత్తుకున్నా వినలేదు.

"దాన్నెందుకు కొడుతవ్ అన్నా?" అన్నాడు కాక. పల్లంలోంచి పైకొచ్చి నిలబడ్డాడు. "అది నన్ను దొంగ అనలే. నువ్వన్నవ్."

బాపు చేతిలోంచి పార జారింది.

కొత్త డబ్బా పెట్టాం. యాప్ ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. కాక మాత్రం దాన్ని ముట్టడు. తన వంతు అయిపోగానే బోరు దాకా నడిచొచ్చి, సరిగ్గా అతకని ఆ చేత్తోనే మోటార్ ఆపుతాడు. బాపు వచ్చి చూసేదాకా అక్కడే నిలబడతాడు. అప్పుడే ఇంటికి పోతాడు.